పుట్టినచోటే నిలిచిన బండలు: హైదరాబాద్ రాతి ఛాయాచిత్రాల్లో ఇంటి జాడ

హైదరాబాద్ చుట్టుపక్కల బండలను ఫోటో తీయడానికి వెళ్లేవారిలో చాలామంది ట్రైపాడ్ నిలబెట్టగానే చేసే మొదటి పని కరెంటు తీగను తప్పించడం. రెండడుగులు ఎడమకు జరిగితే తీగ పోతుంది, కాస్త కిందికి వంగితే వెనకున్న అపార్ట్‌మెంట్ గుండు చాటుకు వెళ్తుంది, ఇంకా ఏదైనా మిగిలితే ఇంటికి వెళ్లాక కంప్యూటర్‌లో చెరిపేస్తారు. చివరికి ఆకాశం కింద ఒకదానిపై ఒకటి నిలబడ్డ రెండు గుండ్లు, పక్కన ఒక సీతాఫలం చెట్టు మాత్రమే మిగులుతాయి. బొమ్మ చక్కగానే వస్తుంది. అయితే అదే బొమ్మను ఆ గుట్ట కింద పుట్టి పెరిగిన మనిషికి చూపిస్తే, ఇది ఏ ఊరిదని అడిగినా ఆశ్చర్యం లేదు. ఆ మనిషి ఆ గుండును ఏనాడూ ఒంటరిగా చూసి ఉండడు. దాని నడుముకు కట్టిన దండెం, దాని నీడలో ఆపిన ఆటో, పైనుంచి పోయే తీగ, అన్నీ కలిస్తేనే అది ఆయనకు తెలిసిన గుండు.

ఈ నగరంలో బండ ప్రకృతి దృశ్యం కావడానికి ముందే ఇంటి ఆనవాలు అయింది. కాబట్టి ఇక్కడి రాళ్లను తీసే ఛాయాచిత్రకళ తనకు అలవాటైన నిర్జన సౌందర్యాన్ని కాస్త పక్కన పెట్టి, మనిషి జాడను ఫ్రేమ్‌లో ఉండనిచ్చినప్పుడే ఈ బండలకూ ఇల్లు అనే భావనకూ మధ్య ఉన్న సంబంధం ఫోటోలోకి వస్తుంది. ఆ సంబంధం ఎలా ఏర్పడిందో తెలియాలంటే ముందు రాయి సంగతి చూడాలి.

దక్కన్ పీఠభూమిలో హైదరాబాద్ నిలిచిన గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో కిలోమీటర్ల లోతున కరిగి ఉన్న శిలాద్రవం బహు నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. పైనున్న పొరలు యుగాల తరబడి అరిగిపోగా బరువు తగ్గిన రాయి కాస్త ఉబ్బి, నిలువుగానూ అడ్డంగానూ పగుళ్లిచ్చింది. ఆ పగుళ్ల వెంట వాననీరు లోపలికి దిగి రాతిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా బంకమట్టిగా మార్చింది. పగుళ్ల మధ్య మిగిలిన దిమ్మెకు మూలల దగ్గర మూడు వైపుల నుంచి, అంచుల దగ్గర రెండు వైపుల నుంచి, ముఖం మీద ఒక్క వైపు నుంచి మాత్రమే నీరు తగులుతుంది కనుక, నోట్లో వేసుకున్న పటికబెల్లం ముక్క మూలలు ముందు కరిగినట్టే దిమ్మె మూలలు ముందు అరిగి అది గుండ్రమవుతుంది. ఇదంతా నేల లోపల జరిగే పని. తర్వాత చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయి, లోపలి గట్టి గుండ్లు బయటపడి, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టుగా ఒకదానిపై ఒకటి నిలుస్తాయి.

నిజానికి వాటిని పేర్చినవారెవరూ లేరు. ఎక్కడినుంచో దొర్లి వచ్చి ఆగినట్టు కనిపించే ఈ గుండ్లలో అత్యధికం దొర్లినవి కావు. పైగుండు, కిందిగుండు ఒకప్పుడు ఒకే బండలోని పై అర, కింది అర. వాటి మధ్యనున్న సన్నని సందు ఆనాటి పగులు. జాగ్రత్తగా చూస్తే కిందిగుండులో ఏటవాలుగా పోయే తెల్లని క్వార్ట్జ్ చార పైగుండులోనూ అదే వాలులో కొనసాగడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆ చారను స్పష్టంగా పట్టుకున్న ఫోటో ఒక్కటి చాలు, ఈ రాయి పుట్టినచోటే ఉందని చెప్పడానికి. 1591లో నగరం వెలిసిన నాటి నుంచి ఇరాన్ నుంచి, అరేబియా నుంచి, మరాఠా, కన్నడ సీమల నుంచి, ఆ తర్వాత రాయలసీమ నుంచి, కోస్తా నుంచి, పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి జనం వచ్చి చేరిన ఊరిది. వచ్చినవారి మధ్య, ఎక్కడికీ పోకుండా, ఎక్కడినుంచీ రాకుండా ఉన్నవి ఈ గుండ్లే. కొత్తగా వచ్చిన కుటుంబం ఇల్లు వెతుక్కున్నప్పుడు ఆనవాలు చెప్పుకోవడానికి గుట్టే దొరికిందంటే కారణం ఇదే.

ఆ మాట ఊళ్ల పేర్లలోనే ఉంది. నల్లగుట్ట, గుట్టల బేగంపేట, గుండ్లపోచంపల్లి: పేరు వినగానే అక్కడి నేల ఎలాంటిదో తెలిసిపోతుంది. తెలుగులో రాతికి ఉన్న మాటలు కూడా వాడకాన్ని బట్టి పుట్టినవి. చదునుగా పరుచుకున్నది పరుపుబండ, దాని మీద వడ్లు నూర్చారు, మిరపకాయలు ఎండబెట్టారు, వడియాలు పెట్టారు. గుండ్రంగా నిలిచినది గుండు. బండ పైన వాననీరు నిలిచే గుంట దోణ. మేకలు, పక్షులు అక్కడ నీళ్లు తాగుతాయి. రెండు గుండ్ల మధ్య నీడలో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన చిన్న రాయి ఉంటే అది పోచమ్మ స్థలం, బోనాల నెలలో అక్కడ వేపాకు తోరణం కనిపిస్తుంది. కొంచెం దూరంలో మరో గుట్ట మీద సున్నం కొట్టిన దర్గా, ఆకుపచ్చ జెండా ఉంటాయి. ఖాజాగూడ గుట్టల్లో ఈ రెండు రకాల ఆరాధనకూ ఒకే రాతివరుస చోటిచ్చింది.

పేరు వాడకాన్ని బట్టి వచ్చిందా, ఆకారాన్ని బట్టి వచ్చిందా అన్న తేడా ఫోటోగ్రఫీకి నేరుగా సంబంధించినది. అప్పటి నగరాభివృద్ధి సంస్థ నియమావళిలోని 13వ నిబంధన కింద వారసత్వ స్థలాలను గుర్తించినప్పుడు తొమ్మిది రాతి ఆకృతులకు కూడా ఆ జాబితాలో చోటు దొరికింది. భవనాలతో సమానంగా బండలను వారసత్వమని ప్రభుత్వపత్రం గుర్తించడం గొప్ప విషయం. కానీ అందులోని పేర్లు చూస్తే వాటిలో ఎక్కువ ఆకారాన్ని బట్టి పెట్టినవి: మష్రూమ్ రాక్, టోడ్‌స్టూల్, బేర్స్ నోస్, ఒబెలిస్క్, మాన్‌స్టర్ రాక్. బేర్స్ నోస్, అంటే ఎలుగుబంటి ముక్కు, ఒక్క వైపు నుంచే ముక్కులా ఉంటుంది; ఇరవై అడుగులు పక్కకు నడిస్తే అది మామూలు బండ. అంటే ఆ పేరు ఒక చోట నిలబడి చూసిన చూపుకు పెట్టిన పేరు, ఒక రకంగా కెమెరా పెట్టిన పేరు. పోచమ్మ గుండు, దోణ బండ వంటి పేర్లు ఏ వైపు నుంచి చూసినా మారవు, ఎందుకంటే అవి చూసినవారు కాక మసలినవారు పెట్టినవి. రాతిని తీసే ఫోటోగ్రాఫర్ ఈ రెండు పేర్లలో దేనికోసం వెతుకుతున్నాడన్న దాన్ని బట్టే ఎక్కడ నిలబడాలన్నది తేలుతుంది. ఆకారం కావాలంటే ఆ ఒక్క చోటే దిక్కు. వాడకం కావాలంటే గుండు చుట్టూ తిరగాలి, ఎవరు ఏ వేళకు అక్కడికి వస్తారో తెలుసుకోవాలి.

నిర్జనంగా ఉంటేనే రాతి దృశ్యం ఉదాత్తంగా ఉంటుందన్న అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకోవడం అవసరం. అమెరికాలోని యోసెమిటీ లోయలో 1861లో కార్లటన్ వాట్కిన్స్ పెద్ద గాజు పలకల మీద తీసిన ఛాయాచిత్రాలు అక్కడి గ్రానైటు శిఖరాలను తూర్పు తీరపు నగరాలకు పరిచయం చేశాయి. 1864లో అధ్యక్షుడు లింకన్ ఆ లోయను కాపాడే చట్టంపై సంతకం చేయడానికి తోడ్పడిన వాటిలో ఆ చిత్రాలను కూడా చరిత్రకారులు లెక్కిస్తారు. తర్వాతి తరంలో ఆన్సెల్ ఆడమ్స్ 1927లో హాఫ్ డోమ్ శిఖరాన్ని తీస్తూ ఎర్ర ఫిల్టరు వాడి ఆకాశాన్ని నల్లబరిచి, రాతి ముఖాన్ని దాని ముందు తెల్లగా నిలబెట్టాడు. ఆ మార్గం ప్రపంచమంతా పాకింది. ఛాయాచిత్రం ఒక కొండను కాపాడగలదన్న నమ్మకాన్ని అది ఇచ్చింది, దానికి విలువ ఇవ్వాల్సిందే. అయితే ఆ లోయలో తరతరాలుగా కాపురమున్న అహ్వానీచీ ప్రజలను 1851లో సాయుధ దళం వెళ్లగొట్టిందన్నది కూడా అంతే నిజం. మనుషులు లేని లోయగా అది ఫోటోల్లో కనిపించడానికి ముందు అందులోని మనుషుల ఇళ్లు ఖాళీ చేయించారు. అక్కడి గ్రానైటు వయసు పది కోట్ల సంవత్సరాల పరిధిలోది. హైదరాబాద్ రాయి దానికంటే ఇరవై అయిదు రెట్లు పాతది, చాలా పొట్టిది, ఎప్పుడూ మనుషుల మధ్యనే ఉన్నది. యోసెమిటీ కోసం పుట్టిన చూపును తెచ్చి దీని మీద పెడితే ఇక్కడి నిజం పక్కకు పోతుంది.

ఇక్కడ రాతితో కలిసి బతికిన తీరుకు గోల్కొండ కోటే పెద్ద ఉదాహరణ. సుమారు 400 అడుగుల గ్రానైటు గుట్ట చుట్టూ కట్టిన ఆ కోటలో గోడ నేరుగా వెళ్లి గుండును తాకి ఆగుతుంది, గుండు గోడలో భాగమవుతుంది, మళ్లీ అవతలి వైపు నుంచి గోడ మొదలవుతుంది. కట్టినవారు రాయిని అడ్డమనుకోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో, 1930ల నాటికి ఊరికి దూరంగా రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని బంజారాహిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా బండలను పగలగొట్టకుండా వాటిని ఇంట్లో కలుపుకున్నాడు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ అతిథిగా ఉన్నాడు. (ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి పేరులోని మూడక్షరాలు మెహదీ నవాజ్ జంగ్‌వే.) తర్వాత నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ కూడా బంజారాహిల్స్‌లో బండను ఉంచుకునే ఇల్లు కట్టుకున్నాడు, 1996లో ఏర్పడి బండల నడుమ నడకలు జరుపుతూ వచ్చిన సొసైటీ టు సేవ్ రాక్స్‌తో ఆయనకు దగ్గరి సంబంధం ఉండేది. ఇవి పెద్దల ఇళ్లు కాబట్టి నమోదయ్యాయి. పేరులేని బస్తీల్లో ఇదే పని లెక్కలేనన్ని సార్లు జరిగింది: వెనకగోడ కట్టే ఖర్చు మిగిలిందని గుండుకు ఆనించి రేకుల గది వేసుకున్నవారు, ప్రహరీని గుండు దాకా తెచ్చి ఆపినవారు, గుండునే అరుగుగా చేసుకుని సాయంత్రం కూర్చునేవారు ఎందరో ఉన్నారు. ఫోటోగ్రాఫర్‌కు దొరికే అసలు సంపద ఈ రెండో రకం ఇళ్ల దగ్గరే ఉంది, తీసేముందు ఆ ఇంటివారిని అడగడం మర్యాద.

వెలుగు సంగతి రాతి ఫోటోకు ప్రాణం. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ వేళ గుండు పైభాగం తెల్లగా మండిపోయి, పొట్ట కింది భాగం నల్లగా మూసుకుపోయి, రాతి గరుకు ఏమాత్రం తెలియదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, అంటే ఏడాదిలో మిగతా రోజుల్లో మధ్యాహ్నం నీడలో ఉండే ఉత్తరపు ముఖానికి ఆ ఎండాకాలపు, తొలకరి రోజుల్లోనే మధ్యాహ్నపు ఎండ తగులుతుంది. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, అందుకే చలికాలంలో పగలంతా కొంత పక్కవెలుగు దొరుకుతుంది. సూర్యోదయపు దిక్కు కూడా జూన్‌కూ డిసెంబరుకూ మధ్య సుమారు 50 డిగ్రీలు జరుగుతుంది. ఒక గుండు తూర్పు ముఖం మీది పగుళ్లు జనవరిలో కనిపించినట్టు జూన్‌లో కనిపించవు. ఇవన్నీ లెక్కలుగా తెలియకపోయినా గుట్ట కింద ఉండేవారికి అనుభవంగా తెలుసు: ఏ నెలలో ఏ గుండు నీడ వాకిట్లోకి ఎంత దాకా వస్తుందో, ఎప్పుడు మంచం ఏ వైపు వేసుకోవాలో వారు చెప్పగలరు. ఒక్కసారి వచ్చి తెల్లవారుజామున అరగంట తీసి వెళ్లిపోయే కెమెరాకు ఇది అందదు. ఇంటి వెలుగును పట్టుకోవాలంటే ఏడాది పొడవునా రావాలి.

వాన వెలిసిన వేళను ప్రత్యేకంగా చెప్పాలి. తడిసిన గ్రానైటు ముదురు రంగుకు తిరిగి, పొటాష్ ఫెల్‌స్పార్ ఎక్కువగా ఉన్న బండల్లోని గులాబి రంగు తేటగా బయటపడుతుంది. గుండు పైనుంచి కిందికి దిగిన నల్లటి చారికలు కూడా అప్పుడే బాగా కనిపిస్తాయి. చాలామంది వాటిని మసి అనుకుంటారు. అవి నీరు ఏటా జారే దారిలో పెరిగే సూక్ష్మజీవుల పొరలు. ఆ చారిక ఎక్కడుందో అక్కడ వాననీరు ఎప్పుడూ దిగుతుందని అర్థం, కింద ఇల్లున్నవారు తొట్టి పెట్టేది ఆ చోటే.

"దూరపు కొండలు నునుపు" అనే సామెతను దృశ్యశాస్త్రంగా చదువుకోవచ్చు. దూరం పెరిగేకొద్దీ గరుకు మాయమై ఆకారం మిగులుతుంది, దగ్గరయ్యేకొద్దీ ఆకారం పోయి గరుకు మిగులుతుంది. ఈ రెండింటిలో ఒకటే నిజమనుకోవడం పొరపాటు. మౌలాలి గుట్టను ఒకటి రెండు కిలోమీటర్ల దూరం నుంచి పొడవాటి లెన్స్‌తో తీస్తే, చెట్టన్నది నిలవని నున్నని రాతి వీపు, దాని శిఖరాన తెల్లని దర్గా, పాదాల దగ్గర ఒకదాని వెనక ఒకటిగా కిక్కిరిసిన డాబాలు, నీళ్ల ట్యాంకులు, అన్నీ ఒకే తలంలోకి వచ్చినట్టు కనిపిస్తాయి. ఎంతమందికి ఆ గుట్ట ఇంటి చిరునామాలో భాగమో ఆ దూరపు ఫోటోయే చెబుతుంది. అదే గుట్టపై మెట్లెక్కుతూ పాదాల కింద రాయిని వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీస్తే, ఎక్కినవారి అడుగులకు నునుపు తేలిన మెట్టు అంచు కనిపిస్తుంది. మొదటిది ఊరి ఫోటో, రెండోది కాలి ఫోటో. రెండూ కావాలి.

దగ్గరి చూపుకు ఇంకొక ఉదాహరణ ఉలిగంట్లు. నగరపు అంచుల్లో మిగిలిన చాలా గుండ్ల మీద, సుమారు నడుమెత్తులో, బెత్తెడు దూరానికి ఒకటి చొప్పున ఒకే గీతలో కొట్టిన దీర్ఘచతురస్రపు గుంటలు కనిపిస్తాయి. వడ్డెర పనివారు రాతి వాటం చూసి, ఆ గుంటలను ఉలితో తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, వరుసగా సమ్మెటతో కొడుతూ పోతే గుండు ఆ గీత వెంట రొట్టెలా రెండుగా చీలుతుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ ప్రతి గుంటలోనూ చిన్న నీడ నిలుస్తుంది. కొన్ని గుండ్ల మీద గీత సగందాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది. పని ఎందుకు ఆపారో గాని రాయి అలాగే నిలబడి ఉంది. ఆ గుంటల అంచులు ఎంత అరిగాయో, లోపల బూడిదరంగు రాతిపాచి పట్టిందో లేదో చూస్తే అవి నిన్నటివా, తాతలనాటివా అన్నది కొంతవరకు అంచనాకు వస్తుంది. సుందర దృశ్యం కోరేవారు ఈ గుంటలను మచ్చలుగా భావించి అవతలి ముఖం తీస్తారు. కానీ నగరపు ఇళ్ల పునాదులు, గడపలు, మెట్లు, రోళ్లు, తిరగళ్లు వచ్చింది ఆ గీతల్లోంచే. ఇంటికీ బండకూ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా చెప్పే గుర్తు ఆ రాతి మీద మరొకటి లేదు.

చేతి ఉలితో తీసుకున్న రాయికీ యంత్రంతో తీసేసిన గుట్టకూ ఉన్న తేడా మాత్రం చాలా పెద్దది. 1998లో ఐటీ భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత పడమటి వైపు నేల ధర పెరిగిన వేగానికి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట పరిసరాల్లో గుట్టలు వరుసగా బ్లాస్టింగుకు లొంగిపోయాయి. 13వ నిబంధనను 2015 డిసెంబరులో తొలగించారు. వారసత్వ సంపదపై కొత్త చట్టం 2017లో వచ్చింది. రక్షణ పత్రాలు మారుతూ ఉన్న ఈ కాలంలో చాలా గుండ్లకు మిగిలిన ఆధారం ఎవరో ఎప్పుడో తీసిన ఫోటో ఒక్కటే. బాధ కలిగించే విషయమేమిటంటే, ఆ ఫోటోల్లో అధికభాగం పరిసరాలను జాగ్రత్తగా తప్పించి తీసినవి. తీగ లేదు, గోడ లేదు, వెనక భవనం లేదు. కాబట్టి ఆ గుండు ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఆ చోట ఏముందో తేల్చడానికి అందులో ఆధారం లేదు. చెరిపేసిన కరెంటు స్తంభమే ఈనాడు పనికొచ్చే గుర్తు అయ్యుండేది.

2025 వసంతంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో నేల చదును చేసే యంత్రాలు దిగినప్పుడు, ఫోటో ఆధారంగా నిలుస్తుందా అన్న ఈ ప్రశ్న మరో రూపంలో ముందుకొచ్చింది. విద్యార్థులు ఫోన్లతో తీసిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమని ఆదేశించింది. అదే సమయంలో కృత్రిమ మేధతో తయారైన చిత్రాలు కూడా ప్రచారంలో కలిశాయన్న వివాదం రేగి, అసలు ఫోటోలను సైతం అనుమానించే పరిస్థితి ఏర్పడింది. ఈ పరిణామం రాతి ఫోటోగ్రాఫర్లకు నేరుగా వర్తిస్తుంది. మరీ అందంగా, మరీ ఖాళీగా, ఏ గుర్తూ లేకుండా ఉన్న బండ చిత్రం ఇప్పుడు యంత్రం గీసినదానికి దగ్గరగా కనిపిస్తుంది. సందు గోడ మీద సగం చిరిగిన పోస్టరు, మీటరు పెట్టె, దండెం మీది చీర ఉన్న ఫోటోను అలా అనుమానించడం కొంత కష్టం.

కాబట్టి ఒకే గుండును ఒకే చోట నిలబడి ఏళ్ల తరబడి తీసే పద్ధతికి ఇక్కడ ఎక్కువ విలువ ఉంది. దానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. నిలబడిన చోటు ఏ మెట్టు, ఏ స్తంభం పక్కన, కెమెరా ముఖం ఏ దిక్కుకు, నేలనుంచి ఎంత ఎత్తులో, లెన్స్ ఏది, నెల, తేదీ, వేళ ఏవి: ఈ వివరాలు ఫోటో వెనక తెలుగులో రాసి పెట్టుకుంటే చాలు. గుండును అక్కడివారు ఏమని పిలుస్తారో ఆ పేరు కూడా తప్పక రాయాలి, ఎందుకంటే గుండు పోయిన తర్వాత ముందుగా పోయేది ఆ పేరే. మరో పదేళ్లకు వేరెవరైనా ఆ వివరాలు పట్టుకుని అదే మెట్టు మీద నిలబడి, అదే ఎత్తులో కెమెరా పెట్టి చూసినప్పుడు, గుండు ఉంటే దాని మీద కొత్తగా పడ్డ గీతలు కనిపిస్తాయి. లేకపోతే వెనకున్న స్తంభమూ గోడా పాత ఫోటోతో సరిపోలి, వాటి మధ్య గుండు ఎంత చోటు ఆక్రమించి ఉండేదో అంగుళాలతో సహా కొలుచుకోవచ్చు.